అన్నీ షేర్డ్ లైబ్రరీలుగా లింక్ చేస్తే లైసెన్సు చిక్కు తీరుతుందా?

ముందు మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. బెంగళూరు పీణ్యలో మీ సంస్థ ఫ్యాక్టరీ ప్యానెళ్లలో బిగించే టచ్ స్క్రీన్ హెచ్‌ఎంఐ, అంటే యంత్రాలను చూసి నడిపించే తెర, తయారు చేస్తోంది. లోపల బిల్డ్‌రూట్‌తో (చిన్న డివైజులకు లినక్స్ ఇమేజ్ తయారుచేసే పనిముట్టు) కట్టిన లినక్స్. స్క్రీన్ మీద నడిచే అసలు అప్లికేషన్ సీ ప్లస్ ప్లస్‌లో ఉంది, దాని సోర్స్ మీరు ఎవరికీ ఇవ్వరు. అందులో స్క్రీన్ కోసం క్యూటీ 5.15, గ్రాఫులకు క్యూటీ చార్ట్స్, యంత్రాలతో మాట్లాడటానికి లిబ్‌మోడ్‌బస్, ఎన్‌క్రిప్షన్‌కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 ఉన్నాయి. సర్వీస్ ఇంజనీర్ల కోసం పెట్టిన కన్సోల్‌లో, టైప్ చేసిన వరసను దిద్దుకోనిచ్చే రీడ్‌లైన్ ఉంది. మీటరు రీడింగులను సర్వరుకి పంపే అప్‌లోడర్ విడిగా ఇంకో ప్రోగ్రాం. మీటర్ల కంపెనీ ఇచ్చిన ప్రోటోకాల్ లైబ్రరీ జీపీఎల్ (తనతో కలిసిన ప్రోగ్రాం సోర్స్ అంతా ఇవ్వమనే ఓపెన్ సోర్స్ లైసెన్సు) వెర్షన్ 2 కాబట్టి అప్‌లోడర్‌ని మీరూ జీపీఎల్ 2 కిందే విడుదల చేస్తారు. లైబ్రరీలన్నీ ఎస్‌ఓ ఫైళ్లుగానే, అంటే ప్రోగ్రాం నడిచేటప్పుడు విడిగా లోడ్ అయ్యే షేర్డ్ లైబ్రరీలుగానే, లింక్ అవుతున్నాయి, ఇక ఇబ్బంది లేదు కదా అని అడిగారు.

ఉంది. షేర్డ్‌గా లింక్ చేయడం వల్ల మీకు కలిసొచ్చేది ఎల్‌జీపీఎల్ (కొన్ని షరతులతో మీ కోడ్‌ని మూసి ఉంచుకోనిచ్చే సడలించిన జీపీఎల్) లైబ్రరీల దగ్గర మాత్రమే. మీ జాబితాలో క్యూటీ చార్ట్స్, రీడ్‌లైన్ రెండూ మీ క్లోజ్డ్ అప్లికేషన్‌లో ఉండకూడనివి. జాబితాలో మీరు రాయనిది ఇంకొకటి కచ్చితంగా ఉండి ఉంటుంది, దాని సంగతి కింద చెబుతాను. ఇక అప్‌లోడర్ సోర్స్ మొత్తం ఇచ్చేస్తున్నాం కదా అని మీరు నిశ్చింతగా ఉన్నారు. నిజానికి అన్నిటికన్నా మొండి చిక్కు అక్కడే ఉంది.

రెండు లైసెన్సులు ఒకదానికొకటి పొసుగుతాయా లేదా అన్నది పేర్ల జతల పట్టిక చూసి తేల్చే విషయం కాదు. మీరు కస్టమరు చేతికి ఇచ్చే ఒక్కో బైనరీని తీసుకోండి. అది నడిచేటప్పుడు దాని మెమరీలోకి వచ్చి చేరే కోడ్ అంతటినీ ఒక్క కుప్పగా చూడండి. ఆ కుప్పలోని ప్రతి లైసెన్సు పెట్టే షరతులనూ ఒకేసారి, ఏ ఒక్కదాన్నీ మీరకుండా, నెరవేర్చగలరా? నెరవేర్చగలిగితే పొసిగినట్టు. జీపీఎల్ కుప్ప మొత్తం తన షరతుల కిందకే రావాలంటుంది, వాటిపైన ఇంకే అదనపు ఆంక్షా ఉండకూడదంటుంది. ఎంఐటీ, బీఎస్‌డీ లాంటివి కాపీరైట్ నోటీసు అలాగే ఉంచమని మాత్రమే అడుగుతాయి, అందుకని ఎక్కడైనా ఇమిడిపోతాయి. లింకర్ స్టాటిక్‌గా కలిపిందా, రన్‌టైమ్‌లో లోడర్ తెచ్చిందా అన్న తేడాకి జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ విలువ ఇవ్వదు. కోర్టులో వాదించి నెగ్గవచ్చు అనేవారూ ఉన్నారు. అమ్మే సరుకు భవిష్యత్తును ఆ వాదన మీద నిలబెట్టమని నేను ఎవరికీ చెప్పను.

కాబట్టి మొదటి పని, కుప్పలో నిజంగా ఏముందో చూడటం. మీ అప్లికేషన్ బైనరీ మీద రీడ్‌ఎల్ఫ్‌ని (బైనరీకి ఏ లైబ్రరీలు కావాలో చూపే కమాండు) డీ ఫ్లాగ్‌తో నడపండి. నీడెడ్ అని వచ్చే వరసలు రాసుకోండి. ఆ ఎస్‌ఓ ఫైళ్ల మీద మళ్లీ అదే నడపండి, కొత్త పేరు రాకుండా పోయేవరకూ. ఇది టార్గెట్ రూట్ ఫైల్ సిస్టం మీద చేయాలి. మీ ఉబుంటూ డెస్క్‌టాప్ మీద చేస్తే వేరే కథ చెబుతుంది, ఎందుకంటే ఒకే లైబ్రరీ ఒక చోట ఒక ఆప్షన్‌తో, ఇంకో చోట ఇంకో ఆప్షన్‌తో బిల్డ్ అవుతుంది. వీడియో లైబ్రరీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దీనికి మంచి ఉదాహరణ: మామూలుగా బిల్డ్ చేస్తే ఎల్‌జీపీఎల్ 2.1 లేదా ఆ తర్వాతిది. ఎనేబుల్-జీపీఎల్ ఇస్తే జీపీఎల్. ఎనేబుల్-నాన్‌ఫ్రీ ఇస్తే ఆ బైనరీని అసలు ఎవరికీ పంచకూడదు. ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో రాసిన లైసెన్సు పేరు చదివి ఊరుకుంటే ఇది దొరకదు.

రీడ్‌ఎల్ఫ్‌కీ కనబడనివి రెండు ఉన్నాయి. స్టాటిక్‌గా కలిసిపోయినవీ, హెడర్ల రూపంలోనే వచ్చే టెంప్లేట్ లైబ్రరీలూ ఒక రకం. ప్రోగ్రాం నడుస్తుండగా డీఎల్‌ఓపెన్ అనే పిలుపుతో వచ్చే ప్లగిన్లు రెండో రకం. మీరు జాబితాలో రాయనిది ఉందన్నాను చూడండి, అది ఇక్కడే దాక్కుంటుంది. టచ్ ప్యానెల్ అంటే స్క్రీన్ మీద కీబోర్డు కావాలి. క్యూటీ వర్చువల్ కీబోర్డుని చాలామంది క్యూటీ ఐఎం మాడ్యూల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి తెచ్చుకుంటారు. మీ బైనరీలో దాని పేరు ఎక్కడా ఉండదు. టార్గెట్‌లో క్యూటీ ప్లగిన్ల కింద ప్లాట్‌ఫామ్ ఇన్‌పుట్ కాంటెక్స్ట్స్ అనే ఫోల్డరు తెరిచి చూడండి, వర్చువల్ కీబోర్డు ప్లగిన్ కనబడితే అది మీ అప్లికేషన్ ప్రాసెస్‌లోకే లోడ్ అవుతోంది. దాని లైసెన్సు జీపీఎల్ 3, లేదంటే డబ్బు కట్టి తీసుకునే కమర్షియల్ లైసెన్సు. క్యూటీ కోర్, గుయి, విడ్జెట్స్, నెట్‌వర్క్ ఎల్‌జీపీఎల్ 3 కింద దొరుకుతాయి కదా అని మిగతావన్నీ అంతే అనుకోవద్దు. చార్ట్స్, డేటా విజువలైజేషన్, వర్చువల్ కీబోర్డులకు ఎల్‌జీపీఎల్ దారి లేదు.

వీటికి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. గ్రాఫులకు క్యూడబ్ల్యూటీ వాడండి, దాని లైసెన్సు ఎల్‌జీపీఎల్ 2.1కి కొన్ని సడలింపులు చేర్చింది, క్లోజ్డ్ అప్లికేషన్‌కి సరిపోతుంది. చార్ట్స్ తీసేసి క్యూకస్టమ్‌ప్లాట్ పెట్టుకుందామని మాత్రం అనుకోకండి. ఒకే హెడరు, ఒకే సీపీపీ ఫైలు, సులువుగా ఇమిడిపోతుంది, కానీ అదీ జీపీఎల్ 3 లేదా ఆ తర్వాతిదే. కీబోర్డుకి క్యూటీ స్క్రీన్లు రాసే భాష క్యూఎంఎల్‌లో మీదే ఒకటి రాసుకోవడం నాకు తెలిసి రెండు మూడు వారాల పని, అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ చాలనుకుంటే ఇంకా తక్కువ. కన్నడం, తెలుగు, తమిళం కూడా కావాలంటే క్యూటీ కమర్షియల్ లైసెన్సు ధర కనుక్కోవడమే నయం. రీడ్‌లైన్ 6.0 నుంచి జీపీఎల్ 3 లేదా ఆ తర్వాతిది. దాని స్థానంలో బీఎస్‌డీ లైసెన్సున్న లిబ్‌ఎడిట్ పెట్టండి, రీడ్‌లైన్ ఫంక్షన్ పేర్లనే చాలావరకు అందిస్తుంది, ఒక పూటలో మారిపోతుంది.

ఇప్పుడు క్యూటీ అసలు భాగం, అంటే ఎల్‌జీపీఎల్ 3. షేర్డ్‌గా లింక్ చేశాం, అయిపోయింది అనుకుంటారు చాలామంది. లైసెన్సు నాలుగో సెక్షన్ చదివితే ఇంకా చాలా అడుగుతుంది. ఈ లైబ్రరీ వాడామనీ, అది ఈ లైసెన్సు కిందుందనీ బాగా కనబడేలా నోటీసు ఇవ్వాలి. ఎల్‌జీపీఎల్ పాఠంతో పాటు జీపీఎల్ 3 పూర్తి పాఠం కూడా జతచేయాలి, ఎందుకంటే ఎల్‌జీపీఎల్ 3 దానిమీద ఆధారపడి రాసిన అదనపు అనుమతులు మాత్రమే. మీ అప్లికేషన్‌లో అబౌట్ స్క్రీన్ ఉండి అందులో మీ కాపీరైట్ వేస్తుంటే, పక్కన క్యూటీ కాపీరైట్ నోటీసు, లైసెన్సు పాఠాలు ఎక్కడున్నాయో కూడా వేయాలి. కస్టమరు మార్చిన క్యూటీ, ఇంటర్‌ఫేస్ సరిపోయినంతవరకూ, మీ అప్లికేషన్‌తో నడవాలి. అందుకని స్టార్టప్‌లో క్యూటీ ఫైళ్ల చెక్‌సమ్ చూసి తేడా వస్తే ఆగిపోయే కోడ్ ఉంటే తీసేయండి. క్యూటీ సోర్స్, మీ ప్యాచ్‌లతో సహా, ఇవ్వాలి. బిల్డ్‌రూట్ కూడా క్యూటీ మీద తన ప్యాచ్‌లు వేస్తుంది, అవీ అందులో భాగమే.

అందరూ మరిచిపోయేది ఒప్పంద పత్రం. మన దగ్గర ఎండ్ యూజర్ అగ్రిమెంట్లు ఎక్కడినుంచో తెచ్చుకున్న నమూనాలే కదా. వాటిలో రివర్స్ ఇంజనీరింగ్ ఏ రూపంలోనూ చేయరాదు అనే వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది. ఎల్‌జీపీఎల్ 2.1, 3 రెండూ, లైబ్రరీలో చేసిన మార్పులను డీబగ్ చేసుకోవడానికి రివర్స్ ఇంజనీరింగ్‌ని మీరు అడ్డుకోకూడదు అంటాయి. అంటే సాంకేతికంగా అన్నీ సరిగ్గా చేసి, ఒక్క వాక్యం వల్ల లైసెన్సు తప్పినవారవుతారు. ‘జతచేసిన ఓపెన్ సోర్స్ లైసెన్సులు అనుమతించిన మేరకు ఈ నిషేధం వర్తించదు’ అనే అర్థం వచ్చే వాక్యాన్ని మీ వకీలుతో చేర్పించండి.

తర్వాత సెక్యూర్ బూట్, అంటే మీ కీతో సంతకం చేసిన సాఫ్ట్‌వేర్‌నే డివైజు నడపడం. జీపీఎల్ 3 ఆరో సెక్షన్‌లో యూజర్ ప్రోడక్ట్ అనే మాట ఉంది: సొంతానికి, కుటుంబానికి, ఇంటి అవసరానికి మామూలుగా వాడే వస్తువు, లేదా నివాసంలో అమర్చడానికి తయారుచేసిన లేదా అమ్మినది. అలాంటి వస్తువైతే, మార్చిన లైబ్రరీని దాంట్లో ఎక్కించి నడిపించుకోవడానికి కావలసిన సమాచారం, అంటే కీలూ పద్ధతీ, కస్టమరుకి ఇవ్వాలి. ఎల్‌జీపీఎల్ 3 కూడా ఇదే నియమాన్ని తనలోకి తెచ్చుకుంటుంది. ఫ్యాక్టరీ ప్యానెల్ హెచ్‌ఎంఐ ఈ నిర్వచనంలోకి రాదని నా అభిప్రాయం. కానీ ఇదే బోర్డు, ఇదే ఇమేజ్‌ని రేపు వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్ల బోరు పంపు, సంపు కంట్రోలరుగా అమ్మితే? అప్పుడు వస్తుంది. అనుమానం ఉన్న చోట యూజర్ ప్రోడక్ట్ అనే తీర్మానించాలని లైసెన్సే చెబుతోంది. ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే బూట్‌లోడర్‌లో ఓనరు తన సొంత కీ చేర్చుకునే దారి పెట్టండి. చేర్చుకున్న మరుక్షణం మీ సర్వరు క్రెడెన్షియల్స్ చెరిగిపోయేలా చేయండి. మార్చిన డివైజుకి వారంటీ, అప్‌డేట్లు ఇచ్చి తీరాలని లైసెన్సు అనదు. మార్పు వల్ల నెట్‌వర్క్ పనితీరు నిజంగా దెబ్బతింటుంటే కనెక్షన్ నిరాకరించే హక్కూ మీకుంది. కాబట్టి కీ ఇవ్వడమంటే భద్రత వదులుకోవడమని బెంగపడనక్కర్లేదు.

లిబ్‌మోడ్‌బస్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. ఎల్‌జీపీఎల్ 2.1 లేదా ఆ తర్వాతిది, షేర్డ్‌గా ఉంచండి, సోర్స్ ఇవ్వండి. ఎప్పుడైనా స్టాటిక్‌గా కలిపితే కస్టమరు మళ్లీ లింక్ చేసుకునేలా మీ అప్లికేషన్ ఆబ్జెక్ట్ ఫైళ్లు ఇవ్వాల్సి వస్తుంది, ఆ తలనొప్పి మీకు వద్దు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 అపాచీ 2.0 కింద ఉంది, మీ క్లోజ్డ్ అప్లికేషన్‌తో హాయిగా ఉంటుంది, లైసెన్సు పాఠం జతచేస్తే చాలు.

ఇక అప్‌లోడర్. జీపీఎల్ 2లో రెండు రకాలుంటాయి: ‘వెర్షన్ 2 మాత్రమే’, ‘వెర్షన్ 2 లేదా ఆ తర్వాతిది’. లైసెన్సు పాఠం ఉండే కాపీయింగ్ ఫైలు రెండిటికీ ఒకటే, తేడా తెలిసేది సోర్స్ ఫైళ్ల తలలో. మీటర్ల కంపెనీ లైబ్రరీలోని ప్రతి సీ ఫైలూ తెరిచి పైన ఏముందో చదవండి. ఎస్‌పీడీఎక్స్ (లైసెన్సు పేరు తెలిపే ప్రామాణిక గుర్తు) వరస ఉంటే చివర ఓన్లీ అనో, ఆర్ లేటర్ అనో ఉంటుంది. ఒక్క ఫైలులో ఓన్లీ ఉన్నా మొత్తం లైబ్రరీ ఓన్లీ కిందే లెక్క. ‘ఆ తర్వాతిది’ అని ఉంటే మీ అదృష్టం. మొత్తాన్ని జీపీఎల్ 3గా తీసుకోండి, అపాచీ 2.0 జీపీఎల్ 3తో పొసుగుతుంది, కథ ముగిసింది. ‘మాత్రమే’ అని ఉంటే మాత్రం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3తో కలిపిన బైనరీని మీరు ఎవరికీ ఇవ్వలేరు, సోర్స్ అంతా ఇచ్చినా సరే. అపాచీ 2.0లో పేటెంట్ దావా వేసినవారి పేటెంట్ హక్కు రద్దయ్యే నిబంధన ఉంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దాన్ని జీపీఎల్ 2లో లేని అదనపు ఆంక్షగా లెక్కగడుతుంది. అదనపు ఆంక్ష ఉండకూడదన్నది జీపీఎల్ 2 ఆరో సెక్షన్.

మేము ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని నేరుగా పిలవట్లేదు, సర్వరుకి డేటా పంపే లిబ్‌కర్ల్‌నే పిలుస్తున్నాం అంటారేమో. రీడ్‌ఎల్ఫ్ పట్టుకుని ఒక మెట్టు కిందకి దిగండి: అప్‌లోడర్‌కి లిబ్‌కర్ల్ కావాలి, లిబ్‌కర్ల్‌కి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 కావాలి. ఒకే ప్రాసెస్, ఒకే కుప్ప. ఆపరేటింగ్ సిస్టంతో వచ్చే లైబ్రరీలకు జీపీఎల్ 2 మూడో సెక్షన్‌లో మినహాయింపు ఉంది కదా అని కూడా అంటుంటారు. ఆ వాక్యం చివరిదాకా చదవండి. ఆ లైబ్రరీయే మీ ప్రోగ్రాంతో పాటు కలిసి రానంతవరకే ఆ మినహాయింపు. మీ ఫర్మ్‌వేర్ ఇమేజ్‌లో రెండూ కలిసే వెళ్తున్నాయి, కాబట్టి మీకు అది పనికిరాదు. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కి వెనక్కి వెళ్లడం అంతకన్నా తప్పు. దాని పాత లైసెన్సులో ప్రకటనల నిబంధన ఉంది, అది జీపీఎల్ 2, 3 రెండిటితోనూ పొసగదు. పైగా 2023 సెప్టెంబరుతో ఆ వరసకి ఉచిత భద్రతా ప్యాచ్‌లు ఆగిపోయాయి.

బయటపడే దారుల్లో నేనైతే మొదట కర్ల్‌ని, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పనే చేసే ఎంబెడ్ టీఎల్‌ఎస్ 3.6తో బిల్డ్ చేస్తాను. ఆ వరస ఒకటి అపాచీ 2.0, రెండోది జీపీఎల్ 2 లేదా ఆ తర్వాతిది, ఏది కావాలంటే అది ఎంచుకునేలా ఇస్తున్నారు. మీరు జీపీఎల్ ఎంచుకుంటున్నట్టు నోటీసులో రాయండి. అంతకుముందు 3.0 లాంటి వెర్షన్లు అపాచీ ఒక్కటే, కాబట్టి పాత బిల్డ్‌రూట్‌లో ఏ వెర్షన్ వస్తుందో చూసుకోండి. క్యూటీ అప్లికేషన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌నే వాడుకోవచ్చు, ఒక ఇమేజ్‌లో రెండూ పక్కపక్కన ఉండటం తప్పేమీ కాదు. గ్నూటీఎల్‌ఎస్ ఇంకో దారి. అది ఎల్‌జీపీఎల్ 2.1 లేదా తర్వాతిది, దాని కింద నెటిల్, జీఎంపీ ఎల్‌జీపీఎల్ 3 లేదా జీపీఎల్ 2 అని ద్వంద్వ లైసెన్సుతో ఉంటాయి. జీపీఎల్ 2 వైపు ఎంచుకోవాలి. మూడో దారి, మీటర్ల కంపెనీకి ఒక ఉత్తరం రాయడం. ‘ఈ లైబ్రరీని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో లింక్ చేసి ఆ బైనరీని పంచడానికి ప్రత్యేక అనుమతి ఇస్తున్నాం’ అన్న రెండు వాక్యాలు కాపీరైట్ హక్కుదారు నుంచి లిఖితపూర్వకంగా వస్తే చాలు. లైబ్రరీలో బయటివారి ప్యాచ్‌లు కలిసి ఉంటే వారందరి అంగీకారమూ కావాలి, అది గుర్తుంచుకోండి.

ఈ అప్‌లోడర్ మీ క్లోజ్డ్ అప్లికేషన్‌తో ఎలా మాట్లాడుతుందో మీరు రాయలేదు. యూనిక్స్ సాకెట్ మీద జేసన్ వరసలో, పైపులో, ఫైలులో రీడింగులు ఇచ్చిపుచ్చుకుంటే రెండూ వేర్వేరు ప్రోగ్రాములే. షేర్డ్ మెమరీలో మీటరు లైబ్రరీ స్ట్రక్చర్లనే అటూ ఇటూ పంచుకుంటే, ప్రాసెస్‌లు రెండైనా ప్రోగ్రాం ఒకటేనన్న వాదనకి మీరే చోటిచ్చినట్టు. ఆ లైబ్రరీ హెడర్‌ని మీ క్లోజ్డ్ కోడ్‌లో ఎక్కడా ఇన్‌క్లూడ్ చేయకండి. ఫార్మాట్‌ని ఒక పేజీ డాక్యుమెంటుగా రాసి అప్‌లోడర్ సోర్స్‌తో పాటు పెట్టండి, ఇంకెవరైనా దాన్ని వాడుకోగలరన్నదే అది విడి ప్రోగ్రాం అనడానికి మంచి సాక్ష్యం.

ఇంకో మాట: అప్‌లోడర్‌ని చెన్నైలో ఒక ఫ్రీలాన్సరు రాసిచ్చారన్నారు. ఉద్యోగి డ్యూటీలో రాసిన కోడ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీయే మొదటి హక్కుదారు. ఫ్రీలాన్సరు సంగతి వేరు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం సంతకంతో రాతపూర్వకంగా హక్కులు బదిలీ చేయాలి. ఆ పత్రంలో కాలవ్యవధి రాయకపోతే అయిదేళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. బిల్లు కట్టేశాం కాబట్టి కోడ్ మాదే అనుకుని దానికి జీపీఎల్ నోటీసు పెట్టేస్తే, పెట్టే హక్కే మీకు లేదని తేలవచ్చు. వ్యవధి, ప్రాంతం రెండూ స్పష్టంగా రాసిన పత్రం తీసుకున్నాకే విడుదల చేయండి.

చివరగా లినక్స్ కెర్నెల్, మామూలు కమాండ్లు ఇచ్చే బిజీబాక్స్, బూట్‌లోడర్ యూ-బూట్. వీటి మీద మీ అప్లికేషన్ నడవడం వల్ల మీ కోడ్‌కి జీపీఎల్ అంటదు, సిస్టం కాల్స్ గురించి కెర్నెల్ లైసెన్సులోనే ఆ వివరణ ఉంది. కానీ వాటి సోర్స్ ఇవ్వాల్సిన బాధ్యత మీదే. డివైస్ ట్రీ (బోర్డు హార్డ్‌వేర్‌ని వివరించే ఫైలు), కాన్ఫిగ్ ఫైలు, బిల్డ్ చేసి ఎక్కించే స్క్రిప్టులు అన్నీ అందులోకి వస్తాయి. ఎస్పీ రోడ్డులో కొన్న బోర్డుతో వచ్చిన బీఎస్‌పీకి (ఆ బోర్డుకి తగిన కెర్నెల్, బూట్‌లోడర్ల పొట్లం) సోర్స్ లేదంటే, అమ్మినవాడు ఇవ్వలేదన్న సమాధానం చెల్లదు. వాణిజ్యంగా అమ్మేవారు పైవాడి హామీని తన హామీగా చూపడానికి జీపీఎల్ 2 ఒప్పుకోదు. సోర్స్ చేతికి వచ్చేవరకూ ఆ బోర్డుతో పెద్ద ఆర్డరు ఒప్పుకోకండి.

సోర్స్ ఇవ్వడానికి మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ కన్నా సరుకుతో పాటే పెన్‌డ్రైవ్‌లో పెట్టేయడం మేలని నా సలహా. హామీ అయితే ఎవరు అడిగినా ఇవ్వాలి, జీపీఎల్ 3 వాటికైతే విడిభాగాలో సర్వీసో ఇస్తున్నంతకాలం, మూడేళ్లు దాటినా, ఇస్తూనే ఉండాలి. బిల్డ్‌రూట్‌లో మేక్ లీగల్-ఇన్ఫో నడిపితే లైసెన్సు పాఠాలు, సోర్స్ ఆర్కైవులు, ఒక సీఎస్‌వీ పట్టిక ఒక ఫోల్డరులో తయారవుతాయి. అది ప్యాకేజీలు తమ గురించి చెప్పుకున్నదాన్ని రాసిపెడుతుందంతే, పొసుగుతాయో లేదో చూడదు. మీ సొంత ప్యాకేజీల్లో లైసెన్స్ వేరియబుల్ ఖాళీగా వదిలితే పట్టికలో అన్‌నోన్ అని వస్తుంది, ముందు అవి నింపండి. తర్వాత పట్టికలో జీపీఎల్-3 అని వెతికి, వచ్చిన ప్రతి పేరూ మీ అప్లికేషన్ కుప్పలో ఉందా లేక విడి ప్రోగ్రామా అని రీడ్‌ఎల్ఫ్ జాబితాతో సరిచూడండి. ఆ ఫోల్డరునీ బిల్డ్‌రూట్ కాన్ఫిగ్‌నీ నెట్ లేని ఒక కొత్త మెషీన్‌లోకి కాపీ చేసి, ఈ ప్రాజెక్టు చూడని ఇంజనీరుతో కెర్నెల్, బిజీబాక్స్ కట్టించండి. అతను మిమ్మల్ని ఏ ఫైలు అడిగితే అది పెన్‌డ్రైవ్‌లో తప్పిపోయిన ఫైలు. మొదటి లాట్ పీణ్య గేటు దాటకముందే అది చేర్చాలి, ఎందుకంటే జీపీఎల్ 2లో ఉల్లంఘన జరిగిన క్షణమే మీ హక్కు రద్దవుతుంది. తొలి నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు తిరిగొచ్చే వెసులుబాటు వెర్షన్ 3లోనే ఉంది.